నల్ల గీత

మొదట్లో ఆరు మిల్లీమీటర్లు.
జానెడు దూరం పోయాక ఆరున్నర.
తలుపు ఆ చివరికి చేరేసరికి
ఏడూ ముప్పావు.
గాడిలో అగ్గిపుల్ల గుచ్చి, గోటితో గుర్తు పట్టి
స్కేలు పక్కన పెట్టి చూశా.
నీళ్ళు పోస్తే అటువైపు పారేట్టుంది.

మైసూరు రోడ్డు టింబర్ యార్డులో
మాది రేకుల షెడ్డు. పక్కనే కోత మిషను,
పగలంతా పళ్ళు కొరుకుతుంటుంది.
రాజరాజేశ్వరి నగర్ ఫ్లాటు వాళ్ళవి ఎనిమిది తలుపులు
గురువారానికి ఇవ్వాలి.
"ఇన్నూ ఎష్టు దినా?" అని ఆ ఇంటావిడ ఫోను
పొద్దున్నుంచి మూడోసారి.

ఓబులేసును పిలిచా.
కదిరి పిల్లోడు, చేరి పది నెలలు.
"చెయ్యి బరువబ్బీ నీది.
రూటరు మీద పడుకుంటావు, అందుకే దిగబడతాంది."
"నేను నొక్కల్యాన్నా. అదే దిగతాంది."
"ఆడలేక మద్దెల ఓడన్నాడంట నీలాంటోడు!"
షెడ్డంతా నవ్వింది.
వాడు మెడ వెనక పొట్టు దులుపుకున్నాడు,
దులుపుకోవాల్సినంత పొట్టు లేకపోయినా.

నేనే పట్టుకున్నా తర్వాత.
ఇది ముప్పై ఏళ్ళ చెయ్యి, చూడు, అన్నట్టు.
పాత టేకు ముక్క ఒకటి, మూరెడుది.
ఆరు. ఆరుంబావు. ఆరున్నర. ఏడు.
ఈసారి ఎవరూ నవ్వలేదు.
నవ్వినా బాగుండేది.

ప్లగ్గు పీకి కింద కూచున్నా.
లోతు బిగించే లీవరును
బొటనవేలు తెల్లబడేదాకా నొక్కా.
రెండు కాళ్ళూ కిరసనాయిలు గుడ్డతో తుడిచా.
స్ప్రింగు చుట్టల్లోంచి రాలాయి
పదేళ్ళుగా నేను తలుపులు పెట్టిన ఇళ్ళు:
మత్తి ఎరుపు, ప్లైవుడ్డు జిగురు, ఎండీఎఫ్ పిండి,
ఎవరి పూజగదిదో సన్నగా ఒక వాసన.
అన్నీ ఊడ్చి మళ్ళీ నడిపితే
ఏడు.

అడక్కుండానే వచ్చాడు ఓబులేసు,
చెక్కల మీద కొలతలు రాసే మార్కరుతో.
బిట్టు కాడ మీద, సరిగ్గా కోలెట్టు మూతి దగ్గర
వెంట్రుకంత గీత గీశాడు.
"ఈ గీత కదిల్తే బిట్టు జారినట్టు.
కదలకపోతే మిషను ఒళ్ళు జారినట్టు.
రెండూ కాకపోతే,
అప్పుడు నా చెయ్యన్నా."

అడుగు దూరం నడిపాం. ఆపాం.
తలకిందులు చేసి వెలుతురుకు పట్టాం.
మూతికీ గీతకూ నడుమ
బియ్యపు గింజంత ఉక్కు మెరుస్తోంది.

నట్టు విప్పితే
కోలెట్టు చీలికల్లో కరక్కాయ సిరా లాంటి మడ్డి.
మూతి గంటలా విచ్చుకుంది.
బిట్టును అడుగు తగిలేదాకా తోసి బిగించడం
నా అలవాటు. దాన్నే గట్టితనం అనుకున్నా.
బిగించేటప్పుడు అది లోపలికి గుంజుకోవాలి,
గుంజుకోడానికి నూలువాసి చోటివ్వలేదు ఏనాడూ.
వాడికి అట్లాగే చెయ్యమని నేర్పిందీ నేనే,
స్పానరు మీద వాడి చెయ్యి, వాడి చేతి మీద నా చెయ్యి.

సాయంత్రం ఎస్పీ రోడ్డుకు పోయి, వానలో,
మూడు అంగళ్ళు తిరిగి కొత్త కోలెట్టు తెచ్చా.
బిట్టును అడుగు తగలనిచ్చి, ఒకింత పైకి లేపి
బిగించాడు వాడు.
"మద్దెల నిజంగానే ఓడు రా," అన్నా.
అప్పుడే పక్కన కోత మొదలైంది.
"ఏందన్నా?"
"ఏం లేదు. ఐదో తలుపు ఎత్తు."

ఈ చివర నుంచి ఆ చివరకు
రూటరు ఒకే గొంతుతో పోయింది.
అగ్గిపుల్ల వాడే గుచ్చాడు,
గోరు పెట్టి చూసుకున్నాడు,
జేబులో వేసుకున్నాడు.
నాకు చూపించలేదు.